జీబ్రాఫిష్ పిండంలో నరం కొసలు మూడో గంటకే ముడుచుకుపోతున్నాయి: లేజరు వల్లా, అగరోజ్ వల్లా?

కపిలతీర్థం_ల్యాబ్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. జీబ్రాఫిష్ పిండంలో రోహన్-బియర్డ్ నరకణాల (వెన్నులో ఉండి చర్మపు స్పర్శను పట్టే కణాలు) కొమ్మలు చర్మంలోకి ఎలా పాకుతాయో లైవ్‌గా తీయాలి. ఫలదీకరణ తర్వాత 20వ గంట నుంచి 36వ గంట దాకా కావాలి. ఎన్నిసార్లు తీసినా ఒకే చోట ఆగిపోతోంది. సెట్టింగులన్నీ దాచకుండా పెడుతున్నాను, ఎక్కడ తప్పుందో చెప్పండి.

లైను (చేపల రకం) హెచ్‌యూసీ-జీఎఫ్‌పీ, అంటే నరకణాల్లో జీఎఫ్‌పీ అనే పచ్చగా వెలిగే ప్రోటీన్ ఉన్నది. మైక్రోస్కోపు ఇన్వర్టెడ్, పాయింట్ స్కానింగ్ కన్‌ఫోకల్ (లేజరు చుక్కతో పొరలు పొరలుగా బొమ్మ తీసేది). వాడుతున్నది 63ఎక్స్ ఆయిల్ అబ్జెక్టివ్, ఎన్ఏ (కాంతిని పోగుచేసే శక్తి) 1.4. దాని పక్కనే కాలర్ (గాజు మందానికి సర్దే రింగు) ఉన్న 40ఎక్స్ వాటర్ (ఎన్ఏ 1.2), మామూలు 20ఎక్స్ (ఎన్ఏ 0.8) కూడా ఉన్నాయి. స్కాన్ 1024×1024, పిక్సెల్ 0.07 మైక్రోమీటర్లు, పిక్సెల్‌కు 1.2 మైక్రోసెకండ్లు, యావరేజింగ్ 4. జెడ్‌లో (లోతు వైపు) 0.3 మైక్రోమీటర్ల చొప్పున 60 స్లైసులు, 6 నిమిషాలకు ఒకసారి. 488 లేజరు సాఫ్ట్‌వేర్‌లో 8 శాతం. పిండాన్ని 1.5 శాతం లో-మెల్ట్ అగరోజ్‌లో పెట్టి, పైన 0.016 శాతం ట్రైకేన్ (మత్తుమందు) కలిపిన ఈ3 (పిండాలను పెంచే లవణాల నీళ్ళు) పోస్తున్నాను.

మొదటి గంట ఫిల్మ్ చాలా బాగుంటుంది. మూడో గంటకి కొసల దగ్గర ఫిలోపోడియా (కొస చాచే సన్నని వేళ్ళు) మాయమవుతాయి, కాడ పూసల దండలా అవుతుంది, ఆపైన ముక్కలు. ఇంకో సంగతి, గాజు నుంచి 30 మైక్రోమీటర్లు లోపలికి పోతే బొమ్మ పాలిపోతోంది. పదో గంటకి తోక కొడవలిలా వంగుతోంది. ఇవి చాలవన్నట్టు ఈ ఎండల్లో మధ్యాహ్నం పూట అగరోజ్ గడ్డకట్టనే కట్టదు, రాత్రి పెడితే ఫోకస్ నిలవదు.

ట్రైకేన్ పడట్లేదా? లైను మార్చాలా?

---

పిన్‌హోల్

ముందు మీ నంబర్లతోనే లెక్క వేద్దాం. 1024×1024 అంటే దాదాపు 10.5 లక్షల పిక్సెళ్ళు. ఒక్కోదానికి 1.2 మైక్రోసెకండ్లు పోతే స్లైసుకు 1.26 సెకండ్లు. నాలుగుసార్లు యావరేజ్ కాబట్టి 5 సెకండ్లు. 60 స్లైసులకు 5 నిమిషాలు. 6 నిమిషాలకు ఒకసారి తీస్తున్నాం అనుకుంటున్నారు గానీ అందులో 5 నిమిషాలు లేజరు ఆ పిండం మీదే ఉంది. నరం కొస తేరుకోవడానికి దొరికేది ఒక్క నిమిషం.

కన్‌ఫోకల్ విషయంలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పిన్‌హోల్ (డిటెక్టర్ ముందుండే సన్నని రంధ్రం) ఆపేది తిరిగొచ్చే వెలుతురునే, లోపలికి పోయే వెలుతురును కాదు. ఒక్క స్లైసు తీసినా లేజరు మొత్తం మందంలోంచి పోతుంది. 60 స్లైసులు తీస్తే ప్రతి పొర మీదా 60 సార్లు వెలుతురు పడినట్టే. జీఎఫ్‌పీ వెలిగినప్పుడల్లా కొంత రియాక్టివ్ ఆక్సిజన్ (కణాన్ని దెబ్బతీసేది) పుడుతుంది, కణంలోని ఫ్లావిన్లు కూడా ఆ నీలి కాంతిని పీల్చుకుంటాయి. కణమంతటిలో దీనికి ముందు లొంగేది పాకుతున్న కొస. అందుకే ఫిలోపోడియా పోవడం, పూసలు కట్టడం, తెగడం అనే వరస. బ్లీచింగ్ (జీఎఫ్‌పీ వెలుగు పాలిపోవడం) కనబడలేదు కదా అని ధైర్యపడకండి, బ్లీచింగ్ కంటే చాలా ముందే దెబ్బ తగులుతుంది.

లేజరా, ట్రైకేనా అన్నది తేల్చుకోవడం తేలికే. ఫిల్మ్ ఆపగానే 20ఎక్స్‌కి మార్చి, స్కాన్ చెయ్యని దూరపు సోమైట్ల (వెన్ను పొడవునా ఉండే కండర ఖండాల) దగ్గర నరాలు చూడండి. అక్కడ బాగుండి, మీరు తీసిన చతురస్రంలో మాత్రమే పూసలు ఉంటే అది లేజరు పనే. ట్రైకేన్ ఎక్కువైతే ఒక్క చోటే పాడవదు, ముందు గుండె నెమ్మదిస్తుంది, రక్తం కదలదు, పిండమంతా ఒకేసారి వెనకబడుతుంది.

ఇక 63ఎక్స్ ఆయిల్ పక్కన పెట్టెయ్యండి. ఎన్ఏ 1.4 అన్న అంకె గాజుకు అతుక్కున్న కణాలకే చెల్లుతుంది. నూనె వక్రీభవన గుణకం 1.515, అగరోజ్‌ది నీటిలాగే 1.33. ఆ తేడా వల్ల లోపలికి పోయేకొద్దీ ఫోకస్ నిలువునా సాగిపోతుంది. 30 మైక్రోమీటర్ల దగ్గర మీరు చూసిన పాలిపోవడం అదే, దానికి లేజరు పెంచితే రెండు విధాలా నష్టం. 40ఎక్స్ వాటర్ పెట్టండి. 510 నానోమీటర్ల వెలుతురుకు 0.61 ని ఎన్ఏ 1.2 తో లెక్కిస్తే 260 నానోమీటర్ల రిజల్యూషన్ వస్తుంది, అది లోపల కూడా నిలుస్తుంది. కాలర్‌ని మీ కవర్ గాజు మందానికి తిప్పాలి, 0.17 మిల్లీమీటర్ల గాజు అడుగున్న డిష్ వాడుతున్నారనే అనుకుంటున్నాను. అంకె చూసి వదిలెయ్యకండి. ఒక సన్నని నరం మీద ఎక్స్-జెడ్ స్కాన్ పెట్టి కాలర్ కొద్దికొద్దిగా తిప్పుతూ ఎక్కడ చుక్క పొట్టిగా, కాంతివంతంగా వస్తుందో అక్కడ ఆపండి.

సెట్టింగులు ఇలా మార్చండి: 512×512, పిక్సెల్ 0.13, యావరేజింగ్ తీసెయ్యండి, అదే 18 మైక్రోమీటర్ల మందానికి 0.6 చొప్పున 30 స్లైసులు. స్లైసుకు 0.31 సెకండ్లు, స్టాక్ మొత్తానికి 9 సెకండ్ల పైచిలుకు. 300 సెకండ్ల లేజరు 9 సెకండ్లకు దిగింది, చూపే వెడల్పు దాదాపు అంతే. పిక్సెల్‌కు అందే ఫోటాన్లు నాలుగో వంతు అవుతాయి, అంటే నాయిజ్ పాలు రెండింతలే అవుతుంది. ఆ మాత్రం భరించవచ్చు. పిన్‌హోల్ 1.3 ఏరీ (దాని వెడల్పును కొలిచే యూనిట్) దాకా తెరవండి. డిటెక్టర్ మామూలు పీఎమ్‌టీ అయితే జీఏఏఎస్‌పీ (ఇంకా సున్నితమైన డిటెక్టర్) ఉన్న ఛానల్‌కి మారండి, చాలా తేడా ఉంటుంది.

లేజరు 8 శాతం అనే మాటకు అర్థం లేదు. పవర్ మీటర్ తెచ్చి అబ్జెక్టివ్ చివర మైక్రోవాట్లలో కొలవండి. 20 మైక్రోవాట్ల దగ్గర మొదలుపెట్టండి.

---

చేపలతొట్టి

పిన్‌హోల్ గారు వెలుతురు సంగతి చెప్పేశారు, తోక సంగతి నేను చెప్తాను.

28.5 డిగ్రీల దగ్గర 24వ గంటకి పిండం పొడవు 1.9 మిల్లీమీటర్లు, 36వ గంటకి 2.7. అంటే మీరు కదలకుండా బిగించిన వస్తువు ఆ పన్నెండు గంటల్లో 0.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 1.5 శాతం అగరోజ్ దానికి దారివ్వదు, వంగక ఏం చేస్తుంది? అలా వంగిన చోట చర్మం మడతపడి, మీ నరాల దారే మారిపోతుంది. అందుకే ఆ ఫిల్మ్‌లో కొలిచిన కొమ్మల సంఖ్యను నమ్మలేం.

0.6 శాతం చాలు, అదీ ఈ3లోనే కరిగించాలి. గడ్డకట్టాక సన్నని బ్లేడుతో తోక చుట్టూ వీ ఆకారంలో కోసి ఆ ముక్క లాగెయ్యండి. తల, పచ్చసొన, మీరు తీసే సోమైట్లు అగరోజ్‌లో ఉంటే సరిపోతుంది, తోక నీళ్ళలో స్వేచ్ఛగా పెరగనివ్వండి. కోసేటప్పుడు బ్లేడు పిండం వైపు కాకుండా బయటికి నడవాలి.

పెట్టే విధానం: గుడ్డు పొర తీసిన పిండాన్ని ట్రైకేన్‌లో ఉంచి, కదలడం ఆగాక గాజు పిపెట్‌లోకి తీసుకోండి. దాన్ని నిలువుగా పట్టుకుంటే బరువుకి పిండం అదే కొసకి జారుతుంది. అప్పుడు 37 డిగ్రీల అగరోజ్ మీద కొస ఆనించండి చాలు, నొక్కకుండానే పిండం దిగిపోతుంది, నీళ్ళు పిపెట్‌లోనే ఉంటాయి. నీళ్ళు ఎక్కువ కలిస్తే పిండం చుట్టూ అగరోజ్ పలచబడి పట్టు ఉండదు, ఫిల్మ్ మధ్యలో పిండం మెల్లగా తిరిగిపోతుంది. వెంటనే పిండంతో సహా ఓ పెద్ద చుక్క డిష్ గాజు మీద వేసి, సరిచెయ్యండి. టూత్‌పిక్ చివర అంటించిన కనురెప్ప వెంట్రుకను మించిన పనిముట్టు దీనికి లేదు. ఫోర్సెప్స్‌తో తాకితే చర్మం మీద గాటు పడుతుంది, గాయం దగ్గర రోహన్-బియర్డ్ నరాలు వేరేగా ప్రవర్తిస్తాయి. పక్కకు పడుకోబెట్టి, వీపు కొద్దిగా గాజు వైపు వాలేలా ఉంచండి. అలా ఉంటే వెన్ను పైభాగంలోని కణమూ, అది చర్మంలోకి వేసే కొమ్మా రెండూ తక్కువ లోతులో పడతాయి. 18 మైక్రోమీటర్లతో పని అయిపోవడానికి ఈ వాలే కారణం.

అగరోజ్ గడ్డకట్టకపోవడం మన ఊరి ఎండల్లో మామూలే. లో-మెల్ట్ రకాలు 26 నుంచి 30 డిగ్రీల మధ్య గడ్డకడతాయి. ఏసీ ఆగిన గది 34 డిగ్రీలుంటే అవి గడ్డకట్టే ప్రశ్నే లేదు. ఐస్ మీద పెట్టకండి, పిండం ఒక్కసారిగా చల్లబడి ఎదుగుదల తప్పుతుంది. 22 డిగ్రీల నీళ్ళలో ఉంచిన లోహపు పలక మీద డిష్‌ని ఐదు నిమిషాలు పెడితే చాలు. మీ డబ్బా మీద గడ్డకట్టే ఉష్ణోగ్రత రాసి ఉంటుంది, చూసి కొనండి.

ట్రైకేన్‌ని బఫర్ చేశారా? పొడి నీళ్ళలో కలిపితే బాగా ఆమ్లం, ఈ3కి దాన్ని ఆపే శక్తి లేదు. 400 మిల్లీగ్రాములు 98 మిల్లీలీటర్ల నీళ్ళలో, పీహెచ్ 9 ఉన్న 1 మోలార్ ట్రిస్ 2 మిల్లీలీటర్ల దాకా, చివర పీహెచ్ 7కి సరిచెయ్యాలి. ఆ స్టాకులో 4.2 మిల్లీలీటర్లు 100 మిల్లీలీటర్ల ఈ3కి. పైన పోసే నీళ్ళలోనే కాదు, అగరోజ్‌లో కూడా అంతే ఉండాలి, లేకపోతే మొదటి అరగంట పిండం ఎగురుతుంది. 17వ గంట నుంచే అవి తోక చుట్టడం మొదలుపెడతాయి, 20వ గంటకి మీరు పెట్టేది ఆ ఊపులో ఉన్న పిండాన్నే.

చిన్నవి ఇంకొన్ని. ఈ3లో మిథిలీన్ బ్లూ వేస్తుంటే ఇమేజింగ్ కోసం పెట్టే పిండాలకు వెయ్యకండి, వెనక వెలుగు పెరుగుతుంది. పీటీయూ (ఒంటికి నలుపు రాకుండా ఆపే మందు) 0.003 శాతం, 24వ గంటకి కొంచెం ముందు మొదలుపెట్టాలి, ఇంకా ముందు అయితే ఎదుగుదలకు మంచిది కాదు, మరీ ఆలస్యమైతే వచ్చిన నలుపు పోదు. అది విషం, గ్లౌజులు వేసుకోండి. ఈ3 కలిపేది డిస్టిల్డ్ లేదా ఆర్‌ఓ నీళ్ళతోనే. బోరు నీళ్ళలో సున్నం, కొళాయి నీళ్ళలో క్లోరిన్, రెండూ వద్దు.

---

కపిలతీర్థం_ల్యాబ్

చాలా థ్యాంక్స్ అక్కా, పిన్‌హోల్ గారూ. మీటర్ పెట్టి కొలిచాను. 8 శాతం దగ్గర అబ్జెక్టివ్ చివర 210 మైక్రోవాట్లు. ఫిల్మ్ అయ్యాక 20ఎక్స్‌తో చూస్తే చతురస్రం బయట నరాలు చక్కగా ఉన్నాయి, గుండె కొట్టుకుంటోంది, రక్తం పారుతోంది. లేజరే అని తేలిపోయింది. ట్రైకేన్ బఫర్ చెయ్యలేదు, అదీ సరిచేశాను.

ఇప్పుడు ఇంకో ఇబ్బంది. 20 మైక్రోవాట్లకు దిగితే కణం ఒళ్ళు కనబడుతోంది గానీ ఫిలోపోడియా కనబడట్లేదు. పైగా హెచ్‌యూసీలో నరాలన్నీ వెలుగుతాయి కాబట్టి ఏ కొమ్మ ఎవరిదో విడదీయలేకపోతున్నాను. ఫిలోపోడియా కోసం 30 సెకండ్లకోసారి తీయాలని కూడా చదివాను, అలా 16 గంటలు తీస్తే మళ్ళీ మొదటికే వస్తాం కదా?

---

మైక్రాన్

మీరు ఒకే ఫిల్మ్‌తో రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. విడదీయండి.

ఫిలోపోడియా నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతాయి. వాటికి 20, 30 సెకండ్ల వ్యవధి కావాలి, కానీ 10 నుంచి 15 నిమిషాలు తీస్తే సరిపోతుంది. ఒక్క కొస మీద జూమ్ చేసి, 6, 7 స్లైసులతో తీసి ఆపండి. ఆ పిండాన్ని పక్కన పెట్టి ఇంకోదానికి వెళ్ళండి. కొమ్మల చెట్టు మొత్తం ఎలా పెరుగుతుందన్నది రెండో ప్రశ్న. కొస గంటకు పదుల మైక్రోమీటర్లు నడుస్తుంది కాబట్టి 10 నిమిషాలకోసారి తీసినా దారి తప్పిపోదు. దానికి 67 మైక్రోమీటర్ల చతురస్రం చాలదు, రెండు గంటల్లో కొస ఫ్రేము దాటిపోతుంది. పిక్సెల్ 0.3కి పెంచి 1024 తియ్యండి, 300 మైక్రోమీటర్ల వెడల్పు వస్తుంది. ఆ ఫిల్మ్‌లో ఫిలోపోడియా కనబడవు, కనబడాల్సిన పనీ లేదు.

1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన ముక్కను లింఫ్ చుక్కలో వేలాడదీసి, నరం తీగ కణం నుంచే బయటికి పాకుతుందని మొదటిసారి చూపించాడు. ఫ్లోరోసెన్స్ లేదు, లేజరు లేదు. కొస బతికి ఉండటమే ఆయన చేతిలోని ఆస్తి. ఇప్పటికీ మనకి కావలసింది అదే.

ఫిలోపోడియా కనబడకపోవడానికి కారణం మీ లేబుల్. హెచ్‌యూసీ-జీఎఫ్‌పీ కణద్రవంలో ఉంటుంది. ఫిలోపోడియా మందం 0.2 మైక్రోమీటర్ల దరిదాపు, అందులో పట్టే ద్రవమెంత, జీఎఫ్‌పీ ఎంత? అదే పొరకు అతుక్కునే జీఎఫ్‌పీ, అంటే చివర కాక్స్ తోక ఉన్నది వాడితే, సన్నని వేలికి ద్రవంతో పోలిస్తే పొరే ఎక్కువ కాబట్టి అవి తేలతాయి. అదే లేజరుకి కనబడని వేళ్ళు కనబడతాయి. ఇంకా మంచిది ఎరుపు రంగు ప్రోటీన్‌కి మారడం. 561 నానోమీటర్ల వెలుతురు 488 కంటే కణానికి చాలా సౌమ్యం, పచ్చసొన స్వంత మెరుపు కూడా ఎరుపు వైపు తక్కువ.

ఏ కొమ్మ ఎవరిదన్నదానికి ఒకటే దారి, ఒక్కో పిండంలో ఒకటి రెండు కణాలే వెలగాలి. ఐలెట్1 ఎన్‌హాన్సర్ (ఈ నరాల్లో జన్యువును పనిచేయించే స్విచ్చు) కింద పొర-జీఎఫ్‌పీ ఉన్న ప్లాస్మిడ్‌ని (డీఎన్‌ఏ వలయాన్ని) ఒకే కణం దశలో ఇంజెక్ట్ చెయ్యండి. మైక్రోలీటరుకు 15 నానోగ్రాములు, పిండానికి 1 నానోలీటరు, అంటే 15 పికోగ్రాములు. చుక్క పరిమాణాన్ని ఊహించి వేసెయ్యకండి. మైక్రోమీటర్ స్లైడు మీద మినరల్ ఆయిల్ పోసి అందులోకి ఊదండి, చుక్క వ్యాసం 0.12 మిల్లీమీటర్లు ఉంటే దాదాపు 1 నానోలీటరు. టోల్2 ట్రాన్స్‌పోజేస్ (ఆ డీఎన్‌ఏని పిండం జన్యువుల్లో అతికించే ఎంజైము) ఆర్‌ఎన్‌ఏ కలిపితే వెలిగే కణాలు పెరుగుతాయి, మీకు తక్కువే కావాలి కాబట్టి అది లేకుండానే మొదలుపెట్టండి. 20వ గంటకి ఫ్లోరోసెన్స్ స్టీరియో కింద జల్లెడ పడితే వెన్నులో ఒకటో రెండో కణాలు వెలిగేవి కొన్ని దొరుకుతాయి. వంద ఇంజెక్ట్ చేసి నాలుగైదు మంచివి దొరికినా సంతోషించాల్సిందే. స్టీరియో దీపం కింద కూడా నీలి కాంతే పడుతుందని గుర్తుంచుకోండి, ఒక్కో పిండాన్ని పది సెకండ్లకు మించి చూడకండి.

ఇంకో మాట. రోహన్-బియర్డ్ కొమ్మలు ఒకదాన్నొకటి తగిలితే వెనక్కి తగ్గుతాయి. ఫిల్మ్‌లో కొస వెనక్కి పోవడం చూసి ప్రతిసారీ లేజరు దెబ్బ అనుకోకండి. అక్కడ వెలగని పక్క కణం కొమ్మ ఉండవచ్చు. మామూలుగా తగ్గిన కొస కొన్ని నిమిషాల్లో వేరే దారి పట్టుకుంటుంది, దాని ఫిలోపోడియా చలనంలోనే ఉంటాయి. దెబ్బతిన్న కొస నున్నగా గుండ్రపడి మళ్ళీ లేవదు.

---

చేపలతొట్టి

మైక్రాన్ గారి మాటకి ఒకటి చేరుస్తాను. 16 గంటల ఫిల్మ్‌కి ట్రైకేన్ నాకు నచ్చదు. అది సోడియం ఛానళ్ళను మూసేస్తుంది, అంటే నరాల విద్యుత్తునే ఆపుతుంది. కొమ్మలు వేయడంలో ఆ విద్యుత్తుకి పాత్ర ఉందా అన్నది మీ ప్రశ్నలో భాగమైతే, మత్తుమందే జవాబును మార్చేస్తుంది. ఒకే కణం దశలో ఆల్ఫా-బంగరోటాక్సిన్ ఆర్‌ఎన్‌ఏని ప్లాస్మిడ్‌తో పాటే ఇంజెక్ట్ చేస్తే కండరం వైపు ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలు మూసుకుని పిండం కదలదు, నరాల్లో స్పందన మాత్రం ఉంటుంది.

---

పిన్‌హోల్

చేపలతొట్టి గారితో సగమే ఒప్పుకుంటాను. రోహన్-బియర్డ్ ఒక్కదాని ఆకారమే చూస్తే, 15 నిమిషాల ఫిలోపోడియా ఫిల్మ్‌కి బఫర్ చేసిన ట్రైకేన్ చాలు, ఇంకో ఆర్‌ఎన్‌ఏ చేర్చి ఇంజెక్షన్‌ని క్లిష్టం చెయ్యనక్కర్లేదు. రాత్రంతా తీసేదానికి మాత్రం బంగరోటాక్సినే మేలు. ఏది వాడినా ఒకే తల్లి గుడ్ల నుంచి మూడు గుంపులు పెట్టుకోండి. ఒకటి ఇంక్యుబేటర్‌లో వదిలేసినవి, ఒకటి అగరోజ్‌లో పెట్టి లేజరు తగలనివి, మూడోది ఫిల్మ్ తీసినవి. ఫిల్మ్ అయ్యాక పిండాన్ని అగరోజ్ నుంచి విడదీసి ఐదో రోజు దాకా పెంచండి. ఈత తిత్తి గాలితో నిండి, తాకితే పారిపోయిందంటే ఆ ఫిల్మ్‌ని నమ్మవచ్చు. మూడో గుంపు మొదటి గుంపులా లేకపోతే ఆ ఫిల్మ్ ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి తీసుకోకండి.

---

అలిపిరి_మెట్టు

ఫోకస్ నిలవకపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. మైక్రోస్కోపు గదుల్లో చూసే మొదటి తప్పు: హీటర్ పెట్టె 28.5 చూపిస్తుంది, డిష్‌లో పిండం దగ్గర 26 ఉంటుంది. ఇమ్మర్షన్ అబ్జెక్టివ్ పెద్ద లోహపు ముద్ద, నీళ్ళ చుక్క గుండా డిష్ వేడిని పీల్చేస్తుంది. సన్నని థర్మోకపుల్‌ని డిష్‌లోని నీళ్ళలో ముంచి కొలవండి, అబ్జెక్టివ్ హీటర్ ఉంటే అదీ పెట్టండి. ఆన్ చేసిన వెంటనే ఫిల్మ్ మొదలుపెట్టవద్దు, కనీసం గంట ఆగండి. ఆ గంటలో లోహం సాగడం వల్ల వచ్చే జరుగుడే పదుల మైక్రోమీటర్లు ఉండవచ్చు.

ఇది వయసు లెక్కకు కూడా అవసరం. 28.5 డిగ్రీల్లో హెచ్ గంటలకు వచ్చే దశ, టీ డిగ్రీల్లో రావడానికి హెచ్‌ని (0.055 × టీ − 0.57) తో భాగించాలి. 25 డిగ్రీలు అయితే భాగించేది 0.805, అంటే 24 గంటల దశ చేరడానికి దాదాపు 30 గంటలు. డిష్ చల్లగా ఉన్న రోజు ఫిల్మ్, వెచ్చగా ఉన్న రోజు ఫిల్మ్ పక్కపక్కన పెట్టి పోలిస్తే మీరు పోలుస్తున్నది రెండు వయసులని.

ఏసీ గాలి నేరుగా స్టేజ్ మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. ఏసీ ఆగి మళ్ళీ అందుకున్నప్పుడల్లా ఫోకస్ పైకి కిందికి ఊగడం గ్రాఫ్‌లో కనబడుతుంది. ఎండాకాలం కరెంటు పోయే మధ్యాహ్నాలు వదిలేసి రాత్రి పెట్టండి. లేజరు, కంప్యూటరు, స్టేజ్ హీటర్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. హీటర్ ఒక్కదాన్ని మామూలు ప్లగ్గుకి పెడితే రెండు నిమిషాల కోతకే ఫోకస్ గల్లంతవుతుంది.

40ఎక్స్ వాటర్‌తో ఇంకో జాగ్రత్త. ఏసీ గదిలో ఆ నీళ్ళ చుక్క రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. బొమ్మ మెల్లగా మసకబారి, ఉన్నట్టుండి నల్లబడితే అదే కారణం. నీటి గుణకానికి సరిపడే ఇమ్మర్షన్ ద్రవం దొరుకుతుంది, ఇమ్మర్సాల్ డబ్ల్యూ లాంటిది, రాత్రి ఫిల్మ్‌కి అదే వెయ్యండి. మామూలు ఆయిల్ మాత్రం పొరపాటున కూడా వాటర్ అబ్జెక్టివ్‌కి తగలకూడదు. డిష్‌కి మూత పెట్టి, పక్కన తడి టిష్యూ ఉంచితే ఈ3 కూడా చిక్కబడదు.

---

కపిలతీర్థం_ల్యాబ్

అన్నా, అక్కా, అందరికీ. 40ఎక్స్ వాటర్, 22 మైక్రోవాట్లు, 512, 0.6 శాతం అగరోజ్, తోక చుట్టూ కోత. నిన్న రాత్రి 14 గంటలు ఆగకుండా నడిచింది. కొసలు చివరిదాకా పాకుతున్నాయి, తోక నిటారుగా ఉంది. ప్లాస్మిడ్ ఆర్డర్ పెట్టాను. మిగిలింది ఒక్కటి, పిండం పెరిగేకొద్దీ నరం జెడ్‌లో 8 మైక్రోమీటర్లు, పక్కకు 40 జరిగింది. ఆటోఫోకస్ ఆన్‌లోనే ఉంది.

---

మైక్రాన్

ఆటోఫోకస్ పట్టుకునేది గాజుని, పిండాన్ని కాదు. గాజు జరగలేదు, పిండం పెరిగింది. దానికోసం స్టాక్‌ని రెండు వైపులా పది మైక్రోమీటర్లు పెంచడం తేలికగా అనిపిస్తుంది గానీ ప్రతి అదనపు స్లైసూ ఆ నరం మీద పడే వెలుతురే. పైన 4, కింద 4 మైక్రోమీటర్లు మాత్రమే అదనంగా ఉంచి, రెండు గంటలకోసారి ఆపి మధ్య స్లైసు సరిచేసుకోండి.

పక్కకు జరిగింది ఫిజీ (బొమ్మల విశ్లేషణ సాఫ్ట్‌వేర్) లోని కరెక్ట్ 3డీ డ్రిఫ్ట్‌తో సర్దవచ్చు. ఆధారంగా పెరుగుతున్న కొసను తీసుకోకండి, అది నిజంగా కదులుతోంది కాబట్టి దాని నడకను కూడా డ్రిఫ్ట్ అనుకుని తుడిచేస్తుంది. కణం ఒళ్ళున్న చోట పెట్టె గీసి దానితో సర్దండి. ముడి ఫైల్ మీద చెయ్యి వేయకండి. 512×512, 30 స్లైసులు, 16 బిట్లు అంటే టైమ్ పాయింట్‌కు 16 మెగాబైట్లే, 14 గంటల ఫిల్మ్ రెండున్నర జీబీ దాటదు, ముడిది దాచుకోవడం భారం కాదు.

నాయిజ్ తగ్గించే న్యూరల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్లు ఈ మసక ఫిల్మ్‌లకు బాగా ఉపయోగపడతాయి, కళ్ళతో దారి వెతకడానికి వాడండి. ఫిలోపోడియా లెక్కపెట్టడం, పొడవు కొలవడం మాత్రం ముడి బొమ్మ మీదే. ఆ సాఫ్ట్‌వేర్ రెండు నాయిజ్ చుక్కల మధ్య లేని వేలిని గీసిన చోట్లు ఉంటాయి. అనుమానం వస్తే ఆ ఫ్రేముకి ముందు, వెనక ముడి ఫ్రేములు తెరవండి, నిజమైన వేలయితే కనీసం వరసగా రెండు ఫ్రేముల్లో మొదలు ఒకే చోట ఉంటుంది.